మాట పూర్తయ్యేదాకా గేటు తీయరాదు

అజీజ్‌నగర్ దాటి మొయినాబాద్ వైపు పోతుంటే ఎడమచేతి పక్కన సిల్వర్ ఫెదర్ విల్లాస్ అని ఒక కాలనీ వస్తుంది. అందులో వెండీ లేదు, ఈకా లేదు. ఒకప్పుడు జొన్న పండిన నేల, ఇప్పుడు ఇంటికి రెండు కార్లు పండుతున్నాయి. రింగు రోడ్డు పడుతుందని ఎకరం ధర పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెబుతున్న రోజులవి. మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లంతా ఊరి బయట పచ్చటి గాలి కావాలని ఇక్కడికి వచ్చి, వచ్చీ రాగానే ఏసీలు బిగించుకుని కిటికీలు మూసేసుకున్నారు.

ఆ కాలనీకి గేటు ఒకటే, ఆ గేటుకు చిన్నయ్య ఒక్కడే. ముడిమ్యాల మనిషి. కార్లను చూసి గేటు తీయడం, చెయ్యెత్తి దండం పెట్టడం, గేటు మూయడం అతని పని. రోడ్డు మీద కంకర లారీలు లేపే దుమ్ము మింగి మింగి ఒక దగ్గు పట్టుకుంది, అదొక్కటే అతనికి ఈ ఉద్యోగంలో సొంతంగా మిగిలింది. గేటు పక్కన రేకుల గది ఇచ్చారు. ఆ గదిలో భార్య అంతమ్మ, కూతురు ప్రవళిక. ప్రవళిక గండిపేట దగ్గర కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతోంది. ముడిమ్యాల నుంచి అయితే చేవెళ్లలో ఒక బస్సు మారి, మొయినాబాద్‌లో ఇంకో బస్సు మారి, అది వస్తే కాలేజీ, రాకపోతే ఇల్లు. ఇక్కడి నుంచి నడిచి పోతుంది. ఈ గది ఉన్నంతకాలం పిల్ల చదువు ఉంది, గది పోతే చదువు పోతుంది. చిన్నయ్యకు లోకంలో ఉన్న భయమంతా ఆ ఒక్కటే.

సరే, గొడవ ఎక్కడ మొదలైందంటే ఒక ప్లాట్ల ఏజెంటు దగ్గర. వాడు మంచి కారు కిరాయికి తెచ్చుకుని గేటు ముందు ఆపి, చెవులు పగిలేలా హారన్ కొట్టాడు. అంత ధీమాగా హారన్ కొట్టేవాడు సొంత ఇంటివాడు కాక ఇంకెవరనుకుని చిన్నయ్య గేటు తీశాడు. వాడు ఇంటింటికీ తిరిగి చేవెళ్ల అవతల ప్లాట్లు అమ్మాడు. కొందరు కొన్నారు కూడా. ఆ కొన్నవాళ్లే ఆదివారం మీటింగులో భద్రత లేదని అందరికంటే ఎక్కువ గొంతు చించుకున్నారు.

కార్ల అద్దాలకు స్టిక్కర్లు అంటిద్దామని ఒకాయన అన్నాడు. కొత్త కారు అద్దానికి స్టిక్కరా అని మిగతావాళ్లు గుండె పట్టుకున్నారు. అప్పుడు లేచాడు కాలనీ ప్రెసిడెంటు హేమచంద్. భీమవరం వైపు నుంచి వచ్చి, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరై, చూసిన ప్రతి వస్తువుకూ ఒక సొల్యూషన్ చెప్పకుండా ఉండలేని మనిషి. ఆ వారమే అతని కూతురు ఆద్యకు స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు, పది ఇంగ్లీషు మాటల్ని మోర్స్ కోడ్‌లోకి మార్చి అట్ట మీద రాసి తెమ్మని. పిల్ల ప్రాజెక్టు అంటే తండ్రి చేయాల్సిందే కదా. అతను రెండు రోజులు సెలవు పెట్టి చేశాడు. పాత రోజుల్లో టెలిగ్రాం ఆఫీసుల్లో టకటకమని కొట్టేవారే, అదే మోర్స్. ప్రతి అక్షరానికీ కొన్ని చుక్కలు, కొన్ని గీతలు.

"చుక్క అంటే చిన్న హారన్. గీత అంటే పెద్ద హారన్," అన్నాడు హేమచంద్ గోడ మీద బొమ్మ వేసి చూపిస్తూ. "ప్రతి ఇంటికీ ఒక ఇంగ్లీషు మాట. గేటు దగ్గర ఆ మాటను మోర్స్‌లో కొట్టాలి. సరైన మాట అయితేనే గేటు తెరుచుకుంటుంది. స్టిక్కర్ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కడా లేదండి ఇది."

ప్రపంచంలో ఎక్కడా ఎందుకు లేదో ఆ మీటింగులో ఒక్కరూ ఆలోచించలేదు. చప్పట్లు కొట్టారు.

ఇక మాటలు ఎంచుకునే సంబరం చూడాలి. సొంత ఇళ్లవాళ్లు ఎంత పొడవు మాటైనా పెట్టుకోవచ్చు, కిరాయికి ఉన్నవాళ్లు మూడక్షరాలు దాటరాదని కమిటీ తీర్మానించింది. దాంతో మాట పొడవే మనిషి పొడవైంది. హేమచంద్ విజన్ అనే మాట తీసుకున్నాడు. సంఖ్యాశాస్త్రం చెప్పే ఆయన ఫోన్లో లెక్క వేసి మధ్యలో ఒక ఎస్సు కలిపితే కలిసొస్తుందన్నాడు, కలిపాడు. కరెంటు ఆఫీసులో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైన రామలింగేశ్వరరావు అది చూసి ఊరుకుంటాడా? కంగ్రాచులేషన్స్ అనే మాట పెట్టుకున్నాడు. తనకు తెలిసిన వాటిలో అంతకంటే పొడవు మాట లేదట. ఆయన గేటు ముందు ఆ మాట మొదలుపెడితే వెనక పాల వ్యాను వాడు బండి దిగి బీడీ కాల్చుకుని ఎక్కేవాడు.

"ఇంకేదన్నా చిన్న మాట దొరకలేదా మీకు?" అని ఆయన భార్య సుబ్బలక్ష్మి అడిగింది. "కారులో కూరగాయలు వాడిపోతున్నాయి."

"చిన్న మాట పెట్టుకుంటే కిరాయిదారులనుకుంటారే," అన్నాడాయన.

ఇన్ని మాటలు పుట్టాయి సరే, వీటిని వినేదెవరు? చిన్నయ్య. హేమచంద్ తన కంప్యూటర్‌లో ఇంగ్లీషు మాట కొడితే మోర్స్ వచ్చే ప్రోగ్రాం రాసి, అందరి మాటలూ అచ్చు వేసిన ప్లాస్టిక్ అట్టను తెచ్చి చిన్నయ్య చేతిలో పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు చిన్నయ్య. ఆవాలు, అగ్గిపుల్లలు కలిపి ఆరబోసినట్టు కనిపించాయి అతనికి.

"నాకు తెలుగే సగం ఒస్తది సార్," అన్నాడు. "ఇంగ్లీషు బండి నంబర్ల మీద ఏపీ అని రాస్తరు సూడు, గా రెండే గుర్తు వడ్తయి."

"ఇంగ్లీషు కాదు చిన్నయ్యా, మోర్స్. చాలా సింపుల్. వారంలో వచ్చేస్తుంది," అన్నాడు హేమచంద్. కారెక్కి, గేటు బయటికి పోతూ కూడా తన మాట ఒకసారి కొట్టి పోయాడు, అవసరం లేకపోయినా.

ప్రవళిక నాలుగు రోజులు నేర్పించింది. చెమ్చాతో ప్లేటు మీద కొట్టి చూపించింది. చిన్నయ్యకు ప్లేటు వినిపించేది, అక్షరం వినిపించేది కాదు. చివరికి అట్టను గోడకు తగిలించి తన పాత పద్ధతిలోనే పడ్డాడు. కారు కనబడగానే ఎవరిదో తెలుసు, గేటు తీసేవాడు. మనిషి కళ్లకు కనబడుతుంటే చెవితో పనేముంది? అక్కడే దెబ్బ తిన్నాడు.

మొదటి ఫిర్యాదు రామలింగేశ్వరరావుది. "నేను ఇంకా సగంలోనే ఉన్నాను. ఈలోగా గేటు తీసేశాడు. నా మాట పూర్తిగా వినే ఓపిక లేదా వాచ్‌మన్‌కి? కంగ్రాచులేషన్స్ అని ఎవరైనా అంటుంటే మధ్యలో లేచిపోతామా?"

మరునాటికి అదే ఫిర్యాదు ఇంటింటి నుంచీ వచ్చింది. పక్కింటి మాట మొత్తం విన్నాడు, మా మాట సగమే విన్నాడు అని పోలికలు మొదలయ్యాయి. హేమచంద్ చిన్నయ్యను పిలిచాడు.

"చూడు, మాట పూర్తయ్యేదాకా గేటు తీయకూడదు. ఇంకొక్క కంప్లయింట్ వచ్చిందంటే ఏజెన్సీ నుంచి కొత్త మనిషిని పంపమంటాను. గది ఖాళీ చేయాల్సొస్తుంది మరి," అన్నాడు. కోపంగా అనలేదు. కోపం లేకుండా అన్న ఆ మాటే ఎక్కువ భయపెట్టింది చిన్నయ్యను.

ఆ పూట ముద్ద దిగలేదు. "పాడు కొలువు. సచ్చేదాక నేర్సినా నాకు రాదు గా సప్పుడు," అని కంచం జరిపాడు. అంతమ్మ ఊరుకోలేదు.

"ఏమయ్యా, సత్తెనారాయణ వ్రతంల పంతులు సదువుతడు. నీకు ఒక్క ముక్కన్న సమజైతదా?"

"లేదు."

"మరి ఏం జేస్తవ్?"

"చేతులు కట్టుకోని కూసుంట."

"గట్లనే నిలవడు. ఆళ్లు ఆపేదాంక కండ్లు మూస్కోని తలకాయ ఊపు. ఆపినంక తియ్యి. గింతే."

మరునాటి నుంచి చిన్నయ్య అలాగే చేశాడు. కారు రాగానే గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి, తల వంచి, కళ్లు సగం మూసి, ఇంకో చేతి వేళ్ల మీద బొటనవేలుతో ఏదో లెక్క పెడుతున్నట్టు కదిపేవాడు. హారన్ ఆగాక ఒక క్షణం ఆలోచించి, అవును ఇది మీదే అన్నట్టు తలూపి గేటు తీసేవాడు. కాలనీ మొత్తం కరిగిపోయింది. ఎన్ని ఇంక్రిమెంట్లు వచ్చినా తమ మాటను అంత శ్రద్ధగా విన్న మనిషి వాళ్లకు ఇంట్లో లేడు, ఆఫీసులో లేడు. పండక్కి ఎవరూ అడక్కుండానే బట్టలు పెట్టారు. సుబ్బలక్ష్మి ఆవకాయ జాడీ తెచ్చి ఇచ్చి, "దగ్గుతున్నావు, మందు వాడు నాయనా," అని చెప్పి వెళ్లింది.

అసలు సంగతి ఏమిటంటే, కొన్నాళ్లకే ఎవరి మాట వాళ్లు రాసుకుని కార్లలో పెట్టుకున్న అట్టలు సీట్ల కిందికి జారిపోయాయి. అందరూ గుర్తున్నంత కొట్టి, మిగతాది నోటికి వచ్చినట్టు, కాదు, చేతికి వచ్చినట్టు కొడుతున్నారు. గేటు తెరుచుకుంటోంది కాబట్టి సరిగ్గానే కొడుతున్నామని ఎవరికి వారే మురిసిపోతున్నారు. సొంత మాట మరిచిపోయిన సంగతి ఒకరికొకరు చెప్పుకోరు కదా.

హేమచంద్‌కు అంతటితో తృప్తి లేదు. గండిపేట చుట్టూ ఎన్ని కాలనీలు లేస్తున్నాయి, అన్నిటికీ ఈ పద్ధతి అమ్మవచ్చునని పెట్టుబడి పెట్టే వాళ్లను పట్టుకొచ్చాడు. మొయినాబాద్ దాటాక చేవెళ్ల దారిలో ఒక రిసార్టులో ప్రదర్శన పెట్టాడు. పచ్చిక మీద కుర్చీలు, కుర్చీల ముందు తెర, తెర వెనక కార్లు. చిన్నయ్య తెరకు ఇవతల నిలబడి, హారన్ విని ఎవరి మాటో చెప్పాలి.

కారు కనబడదు, మనిషి కనబడడు. అట్ట మీది ఒక్క గీత అతనికి రాదు. ఇస్త్రీ చేసిన యూనిఫాం లోపల చెమటలు కారుతుంటే, గది ఖాళీ చేస్తున్నట్టు, ప్రవళిక పుస్తకాలు సంచిలో కుక్కుతున్నట్టు కళ్లకు కట్టింది. ఇవాళ్టితో అయిపోయిందనుకున్నాడు.

తెర వెనక మొదటి హారన్ మోగింది. మోగింది, మోగింది, ఆగి, మళ్లీ మోగింది. చిన్నయ్య అలవాటు చొప్పున తల వంచి వేళ్లు కదిపాడు. ఆగాక అందరూ అతని మొహం చూస్తున్నారు. నోటికి వచ్చిన మొదటి పేరు అనేశాడు.

"ఇది మన హేమచంద్ సార్ మాట."

హేమచంద్ మొహం పాలిపోయింది. ఎందుకంటే తెర వెనక ఉన్నది రామలింగేశ్వరరావు. కానీ కారులో ఉన్న ఆ పెద్దమనిషి పరిస్థితి అంతకంటే ఘోరంగా ఉంది. కంగ్రాచులేషన్స్‌లో సగానికి వచ్చేసరికి మిగతా సగం పూర్తిగా మరిచిపోయి, ఏదో కొట్టేశాడు. తను తప్పు కొట్టబట్టే చిన్నయ్య ఇంకో మాటగా విన్నాడని ఆయన నమ్మకం. ఇంతమంది ముందు సొంత మాట రాదని తేలితే ఏం పరువు? గబుక్కున కారు దిగి తెర పక్కకు లాగి బయటికొచ్చాడు.

"నేను కావాలనే ప్రెసిడెంట్ గారి మాట కొట్టానండి," అన్నాడు. "మనిషిని పరీక్షిద్దామని. కనిపెట్టేశాడు. ఏం చెవి అండీ."

చప్పట్లతో పచ్చిక దద్దరిల్లింది. తర్వాత కొట్టినవాడు కిరాయికి ఉండే కుర్రాడు. చిన్నయ్య రామలింగేశ్వరరావు సార్ మాట అన్నాడు. ఆ కుర్రాడు ఒక్క క్షణం నీళ్లు నమిలి, అవును, నేను కూడా పరీక్షించాను అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాడూ పరీక్షించానన్నాడు. చిన్నయ్య చెప్పిందల్లా నిజమైపోయింది. పెట్టుబడిదారులు లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన వచ్చి చిన్నయ్య చెవుల్ని దగ్గరగా చూశాడు కూడా.

బతికిపోయాననుకున్నాడు చిన్నయ్య. పెద్దవాళ్ల పరువు ఎంత గట్టిదో, దాని నీడలో తన గది ఎంత చల్లగా ఉందో అని అంతమ్మకు చెప్పి నవ్వాడు. ఆ నవ్వు నెల కూడా నిలవలేదు.

"చిన్నయ్యా, నీ పేరు నిలబెడుతున్నాం," అన్నాడు హేమచంద్ ఒకనాడు సంతోషంగా. "నువ్వు వినే పద్ధతిలోనే హారన్ విని గేటు తీసే మిషన్ తయారైంది. ఇక మనిషి అవసరం లేదు. నెలాఖరుకి గది ఖాళీ చేసేయ్."

"సార్, బిడ్డ చదువు జర అయ్యేదాంక..." అన్నాడు చిన్నయ్య. దగ్గు అడ్డం వచ్చింది. హేమచంద్ నిజంగానే బాధపడ్డట్టు మొహం పెట్టి, టెక్నాలజీని ఎవరూ ఆపలేరు కదా అన్నాడు. తనే తెచ్చి పెట్టి ఆపలేమంటాడేమిటి ఈ మనిషి అని చిన్నయ్యకు కడుపు మండింది.

నెలాఖరున మిషన్ వచ్చింది. గేటు పక్కన వైర్లకు చిన్న అద్దాల క్యాబిన్, దాని ముందు గేటుకు బిగించిన తెల్లటి డబ్బా. దానికి ఆడగొంతు, ఆ గొంతుకు ఇంగ్లీషు. మొదటి కారు రామలింగేశ్వరరావుది. ఆయన తన మాటను తనకు గుర్తున్నట్టు ఆద్యంతం వాయించాడు. సారీ, ఇన్‌వాలిడ్ అంది డబ్బా. మళ్లీ వాయించాడు. మళ్లీ సారీ అంది. వెనక కార్లు ఆగాయి, ఆగిన వాళ్లంతా తమ తమ మాటలు మొదలుపెట్టారు. డబ్బా పాపం అందరికీ సారీ చెప్పుకుంటూ పోయింది. వరస మొయినాబాద్ రోడ్డు దాకా పాకి, కంకర లారీలు కూడా అందులో ఇరుక్కుని, వాటి డ్రైవర్లు కూడా హారన్లు కొట్టారు. విచిత్రంగా ఒక లారీ హారన్‌కు గేటు తెరుచుకోబోయి మూసుకుంది. హేమచంద్ స్వయంగా కారు దిగి, ఎక్కి, తన మాటను ఒక ఎస్సుతోనూ రెండు ఎస్సులతోనూ కొట్టి చూశాడు. ఆ డబ్బాను కన్న తండ్రికి కూడా అది గేటు తీయలేదు. ఆ మధ్యాహ్నమే పెట్టుబడిదారులు చూడడానికి వస్తున్నారు.

హేమచంద్ పరుగున వచ్చేసరికి రేకుల గదిలో చిన్నయ్య మంచం విప్పుతున్నాడు. అంతమ్మ గిన్నెలు మూట కడుతోంది. ప్రవళిక ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి, ఒక మూల కూర్చుని ఉంది.

"గది నీదే చిన్నయ్యా. మూటలు విప్పేయ్," అన్నాడు హేమచంద్ ఎగశ్వాసతో. "డబ్బా వెనకున్న క్యాబిన్‌లో కూర్చో. వైరు లాగి లోపల స్విచ్ పెట్టిస్తాను. కారు చూడు, హారన్ ఆగగానే నొక్కు. కానీ ఎవరికీ కనపడకూడదు. దండం వద్దు, మాట వద్దు. నువ్వు ఊరికి వెళ్లిపోయావని అందరికీ చెబుతాను. అంతమ్మ పార్కు ఊడుస్తోంది కాబట్టి గది ఇచ్చామంటాను."

చిన్నయ్య కూతురి వైపు చూశాడు. "సరే సార్," అన్నాడు.

క్యాబిన్ అద్దాలకు నల్ల కాగితం అంటించారు. ఒక్కచోట కన్ను పట్టేంత సందు. ఆ సందులోంచి చిన్నయ్య చూసి, హారన్ ఆగేదాకా ఆగి, స్విచ్ నొక్కుతాడు. వెల్‌కమ్ అంటుంది డబ్బా. మిషన్‌కు తమ మాట అర్థమైందని కార్లలోని మొహాలు వెలిగిపోతాయి. ఎండకు క్యాబిన్ పొయ్యిలా కాగుతుంటే, దగ్గొస్తే తువాలు నోట్లో కుక్కుకుంటాడు. ఒకనాడు రామలింగేశ్వరరావు కారు గేటు ముందు ఆగినప్పుడు లోపల సుబ్బలక్ష్మి అనడం వినబడింది, "ఆ చిన్నయ్య ఉన్నప్పుడు బాగుండేదండీ. వెళ్లేముందు ఒక్కమాట చెప్పలేదు, పాపం." ఈడనే ఉన్ననమ్మా అని గొంతు దాకా వచ్చింది. స్విచ్ నొక్కాడు. ఆ పూట తన మీద తనకే ఏడుపొచ్చింది.

ఆ పద్ధతి నాలుగు కాలనీలకు అమ్ముడుపోయింది. ఒక్కో క్యాబిన్‌లో ఒక్కో చిన్నయ్య కూర్చున్నాడో లేదో తెలియదు, అడిగినవాళ్లు లేరు.

ఒక సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ప్రవళిక కాలేజీ నుంచి వచ్చి, గదిలోకి పోకుండా క్యాబిన్ వెనక తలుపు దగ్గర నిలబడింది. చిన్నయ్య తలుపు కొంచెం తెరిచాడు.

"ఏంది బిడ్డ, మొఖం గట్లున్నది?"

"హేమచంద్ సార్ మా కాలేజీకి వచ్చిండు బాపు. లెక్చర్ ఇచ్చిండు. మన గేటు వీడియో పెద్ద తెర మీద ఏసిండు. సూడుండ్రి, ఈడ మనిషి అన్నోడే లేడు అన్నడు."

"అంటడు మరి."

"వీడియోల నీ దగ్గు ఇనవడ్డది బాపు. గేటు తెరుసుకునే ముంగట. ఒక పిలగాడు లేసి, సార్ గా సప్పుడేంది అని అడిగిండు. అది చిన్న డిఫెక్ట్, వచ్చే వెర్షన్‌ల తీసేస్తం అన్నడు సార్. అందరు చప్పట్లు కొట్టిండ్రు."

చిన్నయ్య సందులోంచి రోడ్డు మీదికి చూసి, మళ్లీ కూతురి వైపు తిరిగాడు.

"నువ్వేం జేసినవ్?"

ప్రవళిక తల వంచుకుంది. "నేను గూడ కొట్టిన బాపు," అంది, అని అక్కడే కూర్చుని ఏడ్చింది.

"మంచిగ జేసినవ్ బిడ్డ. కొట్టకుంటె ఎట్ల," అన్నాడు చిన్నయ్య. ఆమె తల మీద చెయ్యి వేయబోతుండగా గేటు ముందు కారు ఆగింది. పొడుగ్గా హారన్ మొదలైంది. చిన్నయ్యకు దగ్గు తన్నుకొచ్చింది. తలుపు మూసుకుని, తువాలు నోట్లో కుక్కుకుని, స్విచ్ మీద వేలు పెట్టి, వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగాడు.